దాస్యవిమోచనము: పాటయు, పనితనమును, సంవాదమును

(వార్షిక మహాసభ రెండవనాటి యుపన్యాసము)



మార్కండేయ మహర్షికిని భావనారాయణ స్వామికిని నమస్కరించి యీ నాలుగు మాటలు విన్నవించుచున్నాను. మహాసభలయందు కులపురాణము చెప్పుటయు, పూర్వుల కీర్తిని కొనియాడుటయు నాచారము. ఆ పని నిన్నటిదినమున నాకంటె సమర్థులైనవారు నెరవేర్చిరి. నేడు నేను వేఱొక చరిత్రమును మీ ముందుంచదలచితిని. అమెరికాఖండమున పశువులవలె కొనబడి యమ్మబడిన నల్లజాతి ప్రజలు తమ దాస్యమును ఎట్లు ఎదిరించిరి, తమ గొంతును లోకమునకెట్లు వినిపించిరి యనునదియే నా ప్రసంగ విషయము.

నేతవారి సభకు అమెరికా బానిసలతో నేమి సంబంధమని మీలో కొందరడుగవచ్చును. సంబంధము మనకు తెలియని కాలముననే కుదిరియున్నది. దానిని కుదిర్చినది పత్తి. 1793 లో ఎలీ విట్నీ యనునాతడు గింజనుండి దూదిని వేరుపఱచు యంత్రమును కల్పించెను. దానితో అమెరికా దక్షిణరాష్ట్రములలో పత్తిసాగు విపరీతముగా పెరిగెను. సాగుతోపాటు బానిసల సంఖ్యయు పెరిగెను. 1860 నాటి జనాభాలెక్కలలో అచ్చటి బానిసలు 39,53,760 మంది. వారు కోసిన పత్తి ఓడలకెక్కి ఇంగ్లాండునకు పోవుచుండెను. ఆ దేశపు మిల్లులకు కావలసిన పత్తిలో నాలుగింట మూడు వంతులు వారి చేతులమీదుగా వచ్చినదే. ఆ పత్తి లాంకషైరు మిల్లులలో నూలై, బట్టయై, మన రేవులలో దిగి, మన మగ్గమును గోతిలో నిలిపివేసెను. ఒకే దారమునకు ఒక కొసయందు కొరడాదెబ్బలు తినుచు పత్తి కోయు స్త్రీ. రెండవ కొసయందు పని లేక మగ్గము విప్పుకొను మన తాత. ఒకరినొకరెరుగరు. ఇరువురి కష్టమునకును మూలమైన వ్యాపారము మాత్ర మొక్కటియే.

1861 మొదలు 1865 వరకు అమెరికాలో అంతర్యుద్ధము జరిగినప్పుడు ఆ పత్తి ఆగిపోయెను. లాంకషైరు మిల్లులు మూతపడెను. మన కాకినాడ రేవునుండి పత్తి యెగుమతి విశేషముగా పెరిగెను. పత్తి వర్తకులకు లాభము వచ్చెను. కాని పత్తిధర పెరిగినప్పుడు నూలు కొని నేయువాని గతి యేమో మీకు నేను చెప్పనక్కఱలేదు. ఆ సమయముననే ఒక వింత జరిగెను. పనిలేక పస్తులుండిన మాంచెస్టరు మిల్లుపనివారు 1862 డిసెంబరు 31 వ తేదీన సభ చేసి, దక్షిణరాష్ట్రములతో రాజీపడి పత్తి తెప్పింపుమని కోరుటకు మారుగా, బానిసత్వమును నిర్మూలింపుమని అమెరికా యధ్యక్షుడగు లింకనునకు లేఖ వ్రాసిరి. మరుసటినెలలో లింకను వారికి కృతజ్ఞతతో ప్రత్యుత్తరమిచ్చెను. తన కడుపునకు కష్టము కలిగినను పరుని సంకెల తెగవలెనని కోరిన పనివారు వారు. ఈ మాటను మీరు మనసునందుంచుకొనుడు. చివర మరల దీనితో పని గలదు.

ఆఫ్రికానుండి అట్లాంటిక్ సముద్రముమీదుగా బానిసలుగా నోడలెక్కింపబడినవారు ఒక కోటి ఇరువదియైదు లక్షలమందియని చరిత్రకారులు గణించిరి. అందు ఇంచుమించు పదునెనిమిది లక్షలమంది దారిలోనే ప్రాణములు విడిచిరి. ఒడ్డు చేరినవారికి పేరు మారెను, భాష పోయెను, తల్లినుండి బిడ్డ వేరయ్యెను. చదువు నిషిద్ధము. దక్షిణ కరోలినా రాష్ట్రమున 1834 లో చేసిన శాసనము ప్రకారము బానిసకు చదువను వ్రాయను నేర్పుట నేరము.

ఇట్టి క్రూరత్వము పరదేశీయులకే చెల్లునని మనము సంతసింపరాదు. మన స్మృతికారుడు దాసులనేడు విధములుగా లెక్కించెను. ఐతరేయ బ్రాహ్మణమునందలి శునఃశేపోపాఖ్యానము మన యింటి కథయే. అజీగర్తుడను దరిద్ర బ్రాహ్మణుడు నూరు గోవులకు తన నడిమి కుమారుని అమ్మెను. యజ్ఞశాలయందు ఆ బాలుని యూపస్తంభమునకు కట్టుటకు ఎవ్వరును ముందునకు రాకపోగా, మఱి నూరు గోవులకు తండ్రియే కట్టెను. మఱి నూరు గోవులకు కత్తి పట్టుటకును సిద్ధపడెను. అప్పుడా బాలుని విడిపించినదెవరు? రాజు కాదు, ఋత్విక్కులు కారు. అతడు తన నోటితోనే దేవతలను స్తుతించెను; ఋక్కు వెంట ఋక్కు పలుకగా కట్లు ఒకటొకటిగా సడలెను. విడుదలయైన పిమ్మట తండ్రి రమ్మని పిలువగా ఆ బాలుడు పోనని నిరాకరించి తన మార్గమును తానే యెన్నుకొనెను. కట్టబడినవాని నోటనే కట్లను విప్పు వాక్కు పుట్టినదని యీ కథ తాత్పర్యము. అమెరికా నల్లవారి చరిత్రమున నాకు కనబడినదియు నిదియే.

మొదట పాటను చెప్పెదను. పొలములలోను, రాత్రివేళ రహస్య ప్రార్థనలలోను బానిసలు పాడుకొనిన కీర్తనలకు కర్తలెవరో తెలియదు. ఈజిప్టు రాజుయొక్క దాస్యమునుండి తన జనమును నడిపించిన మోషే కథ వారికి మిక్కిలి ప్రియమైనది. యజమానులు అది కేవలము భక్తియని తలచిరి. పాడువారికది తమ కథయే. బానిసలు పాడుచున్నారు గనుక సుఖముగానున్నారని వాదించినవారును కలరు. దాస్యమునుండి పారిపోయి వచ్చిన ఫ్రెడరిక్ డగ్లస్ దానికి బదులు చెప్పెను: దుఃఖమధికమైనప్పుడే వారధికముగా పాడుదురనియు, కన్నీరు గుండెను తేలికపఱచినట్లు పాటయు తేలికపఱచుననియు. మన యిండ్లలో రాట్నము త్రిప్పుచు, కండెలు చుట్టుచు స్త్రీలు పాడిన పాటలు విన్నవారికి ఈ మాటలోని సత్యము తెలియగలదు.

దాస్యము తొలగిన పిమ్మట 1866 లో నాష్‌విల్ పట్టణమున నల్లవారి చదువునకై ఫిస్క్ విద్యాలయము స్థాపింపబడెను. అయిదేండ్లకే దానికి ధనము లేక మూతపడు స్థితి వచ్చెను. 1871 అక్టోబరులో తొమ్మండుగురు విద్యార్థులు గానము చేసి ధనము తెచ్చుటకు బయలుదేరిరి. వారిలో పెక్కురు బానిసలుగా పుట్టినవారు. వారు మొదట దొరల పాటలనే యెక్కువగా పాడిరి. తమ తల్లిదండ్రుల పాటలను పరులయెదుట పాడుటకు వారికి సంకోచముండెను; అవి వారికి పవిత్రములు, దాస్యమును జ్ఞప్తికి తెచ్చునవి. కాని ఆ పాటలే సభికుల హృదయములను కరగించెను. విద్యాలయము నిలిచెను, ఆ ధనముతో కట్టిన జూబిలీ హాలను భవనము నేటికిని నిలిచియున్నది. ఆ గానసంప్రదాయమును చేపట్టిన లౌడిన్ గారి బృందము 1884 మొదలు 1890 వరకు ప్రపంచయాత్ర చేయుచు మన దేశమునకును వచ్చి పాడెను. సిగ్గుపడి దాచుకొనిన వస్తువే సంపదయై జాతిని చదివించెను.

ఇక పనితనము. ఇది మనకు దగ్గరి విషయము. దక్షిణ కరోలినాలోని ఎడ్జ్‌ఫీల్డ్ ప్రాంతమున డేవ్ అను కుమ్మరి యుండెను. అతడు బానిస, ఒక యజమానునినుండి మఱియొక యజమానునికి మారినవాడు. ధాన్యమును, మాంసమును నిలువచేయు పెద్ద పెద్ద జాడీలను సారెమీద చేయుటలో నేర్పరి. పచ్చి జాడీమీద తన పేరును, తేదీని, అప్పుడప్పుడు రెండు పాదముల పద్యమును చెక్కుచుండెను. బానిసకు అక్షరము నేర్పుట నేరమని శాసనమైన 1834 వ సంవత్సరముననే అతని పద్యము గల జాడీ యొకటి దొరకినది. 1857 నాటి జాడీమీద చెల్లాచెదరైన తన బంధువులను తలచుకొనినాడు. ఆ జాడీలు దొరల వంటయిండ్లలోనికే పోయినవి. మాటాడరాదన్నవాని మాట వారి యింటిలోనే ఉప్పుమాంసముతోపాటు నిలువయుండెను. నేడవి గొప్ప ప్రదర్శనశాలలలో నున్నవి. 

జార్జియా రాష్ట్రమున 1837 లో బానిసగా పుట్టిన హారియెట్ పవర్స్ అను స్త్రీ సూదిదారముతో బొంత కుట్టెను. బొంతయన చినిగిన గుడ్డల కూడికయని తలపకుడు. పదునొకండు గళ్లలో బైబిలు కథలను గుడ్డముక్కలతో మనుష్యులుగను, మృగములుగను తీర్చి కుట్టిన చిత్రకథ యది. 1886 లో ఏథెన్సు పట్టణపు పత్తి ప్రదర్శనమున దానిని చూచి చిత్రలేఖనము నేర్పు నొక ఉపాధ్యాయురాలు కొనగోరెను. ఎంతకును అమ్మనని హారియెట్ చెప్పెను. కొన్నియేండ్లకు దారిద్ర్యము పైబడగా అయిదు డాలర్లకు విడువవలసి వచ్చెను. విడుచునప్పుడు ఒక్కొక్క గడిలోని కథను విడమరచి చెప్పెను. కొనిన యామె దానిని వ్రాసికొనెను. తరువాత కూడ ఆ తల్లి పలుమారులు వచ్చి తన బొంతను చూచుకొని పోయెనట. ఆ బొంత యిప్పుడు వాషింగ్టను నగరపు జాతీయ చరిత్ర ప్రదర్శనశాలలో నున్నది. ఆనాడు కథ చెప్పించుకొని వ్రాసికొనకపోయినయెడల మనకు గుడ్డ మాత్రము మిగిలెడిది. ఆమె హృదయము తెలిసెడిది కాదు. మన యిండ్లలో ఎందరు తల్లుల చీరయంచులు మిగిలినవి, ఎందరి మాటలు మిగిలినవి? ఆలోచింపుడు.

మూడవది అక్షరము. 1761 లో ఏడెనిమిదేండ్ల బాలిక యొకతె ఆఫ్రికానుండి బోస్టను రేవున దిగి యమ్మబడెను. ఎక్కివచ్చిన యోడ పేరే ఆమెకు పెట్టిరి: ఫిలిస్. కొనినవారి యింటిపేరు వీట్లీ. ఆమె ఇంగ్లీషును లాటినును నేర్చి కవిత్వము చెప్పెను. 1773 లో లండనునందచ్చైన ఆమె గ్రంథమున పదునెనమండుగురు పెద్దమనుష్యులు, గవర్నరు మొదలుకొని, ఈ పద్యములీమె వ్రాసినవేయని సంతకములు చేసి యిచ్చిన పత్రము గలదు. మన రాజసభలలోను కవులకు పరీక్షలు గలవు, అవధానములు గలవు. అవి కవి సామర్థ్యమునకు పరీక్షలు. ఈమె విషయమున సందేహింపబడినది సామర్థ్యము కాదు, మనుష్యత్వమే.

ఫ్రెడరిక్ డగ్లస్ 1818 లో మేరీలాండు రాష్ట్రమున పుట్టెను. పుట్టినదినము అతనికి తెలియదు. ఎనిమిదేండ్లవాడై బాల్టిమోరు నగరమున నొక యింటికి పంపబడగా, ఆ యింటి యిల్లాలు దయతో ఓనమాలు నేర్పసాగెను. భర్త అడ్డుపడెను, చదువు వచ్చినవాడు బానిసగా నుండజాలడని భార్యను మందలించెను. ఆ మాట విన్న బాలునికి స్వాతంత్ర్యమునకు దారి యేదో యజమానుడే చూపినట్లయ్యెను. తన వద్దనున్న రొట్టెముక్కలను వీధిలోని పేద తెల్లపిల్లలకిచ్చి వారివద్ద పాఠములు నేర్చుకొనెను. ఉపాధ్యాయవృత్తిలో జీవితము గడపినవాడను. ఇంతకంటె గొప్ప గురుదక్షిణను నేను వినియుండలేదు.

పండ్రెండేండ్ల ప్రాయమున అతడు సంపాదించిన యేబది సెంట్లతో కొలంబియన్ ఒరేటర్ అను నొక పాఠ్యపుస్తకమును కొనెను. అందొక సంవాదము గలదు. పారిపోయి పట్టుబడిన బానిసను యజమానుడు కృతఘ్నుడవని నిందించును. బానిస యొక్కొక్క యారోపణకును యుక్తితో బదులు చెప్పును. తుదకు యజమానుడు నిరుత్తరుడై వానిని విడిచిపెట్టును. మన వాఙ్మయమంతయు సంవాదమయమే. ఉపనిషత్తులు సంవాదములు, గీత సంవాదము. కాని వాటిలో అడుగువాడు శిష్యుడు, చెప్పువాడు గురువు. ఈ చిన్న సంవాదమున చెప్పువాడు బానిస, నేర్చుకొనువాడు యజమానుడు. ఆ బాలుడు దానిని మరల మరల చదివెనట. నోటిలో నాలుకయున్నదని ఎరిగిన మనుష్యుని బానిసగా నుంచుట దుష్కరము.

1838 సెప్టెంబరు 3 వ తేదీన అతడొక నావికుని కాగితములతో రైలెక్కి తప్పించుకొని పోయెను. 1841 నుండి దాస్యనిర్మూలన సభలలో ఉపన్యసింపసాగెను. అచ్చట రెండు చిక్కులు కలిగెను. అతని వాగ్ధాటి చూచి, యితడు బానిసయై యుండడని జనులు శంకించిరి. వీట్లీకి కవిత్వమునకు సాక్ష్యము కావలసెను. ఇతనికి దాస్యమునకే సాక్ష్యము కావలసెను! అందుచేత 1845 లో యజమానుల పేర్లతో సహా తన చరిత్రమును వ్రాసి ప్రకటించెను. దానివలన మరల పట్టుబడు నపాయము కలుగగా సముద్రము దాటి ఐర్లాండునకును ఇంగ్లాండునకును పోవలసి వచ్చెను. అక్కడి మిత్రులు ధనమిచ్చి 1846 లో అతనిని యజమానునివద్దనుండి విడిపించిరి.

రెండవ చిక్కు మన పోషకులు శ్రద్ధతో వినదగినది. అతనికి తోడ్పడిన తెల్లవారు సజ్జనులే, ప్రాణములకు తెగించినవారే. అయినను నీవు పడిన బాధలను మాత్రము చెప్పుము, తత్త్వమును మేము చెప్పుకొందుమని వారిలో కొందరతనికి బోధించిరి. డగ్లస్ అంగీకరింపలేదు. తాను పెద్దగా గౌరవించిన గారిసను వలదనినను వినక, 1847 డిసెంబరులో రోచెస్టరు నగరమున నార్త్ స్టార్ అను సొంతపత్రికను స్థాపించెను. సాయము చేయువాడు సాయము పొందువాని నాలుకను తన జేబులో నుంచుకొనరాదు. ఇది అమెరికాకే కాదు, అన్ని సంఘములకును వర్తించు ధర్మము.

పత్రికయు సభయు నల్లవారికి కొత్తవి కావు. 1827 మార్చిలో న్యూయార్కున కార్నిషు, రస్‌వర్ము అను ఇద్దరు నల్లవారు తమ జాతికి తొలిపత్రికను ప్రారంభించిరి. తమ పక్షమును ఇంతవరకు పరులు పలికిరనియు, ఇకమీద తామే పలుకదలచితిమనియు వారి యాశయము. 1830 లో ఫిలడెల్ఫియాలోని బెతెల్ దేవాలయమున రిచర్డ్ అలెన్ పెద్దగా స్వతంత్రులైన నల్లవారి తొలి మహాసభ జరిగెను. ఆ పిమ్మట పెక్కు పట్టణములలో అట్టి సభలు జరిగెను. తీర్మానములు వ్రాసికొనిరి, అచ్చువేసిరి, పాఠశాలలను గూర్చి, చేతిపనులను గూర్చి, ఓటుహక్కును గూర్చి వాదించుకొనిరి. 1843 లో బఫలో మహాసభయందు హెన్రీ హైలాండ్ గార్నెట్ అను యువకుడు బానిసలు తిరుగబడవలెనని ఆవేశముతో పలికెను. డగ్లస్ దానిని ప్రతిఘటించెను. దినములతరబడి చర్చ జరిగి, ఒకే యొక్క వోటుతో గార్నెట్ మాట వీగిపోయెను. ఓడినవాడు సభను విడిచి వేఱు సంఘము పెట్టలేదు; గెలిచినవాడు అతనిని ద్రోహియనలేదు. ఇరువది యేండ్ల పిదప యుద్ధమున నల్లవారి దళములను చేర్చుటకు డగ్లసే పూనుకొని తన యిరువురు కుమారులను పంపెను. ఆ యుద్ధమున ప్రభుత్వ సైన్యమున చేరి పోరాడిన నల్లవారు సుమారు ఒక లక్ష ఎనుబది వేలమంది. తమ విమోచనమునకు తామే ఆయుధము పట్టిరి.

1852 జూలై 5 వ తేదీన రోచెస్టరు నగరమునందలి దాస్యవిరోధినీ స్త్రీసమాజమువారు డగ్లసును స్వాతంత్ర్యోత్సవ ప్రసంగమునకు పిలిచిరి. పిలిచినవారు మిత్రులు. అతడు దేశస్థాపకుల ధైర్యమును మొదట మెచ్చుకొనెను. తరువాత, మీరు ఘంటలు మ్రోగించుచున్న యీ పండుగ బానిసకేమగునని సూటిగా ప్రశ్నించెను. కురుసభలో ద్రౌపది వేసిన ప్రశ్నవంటిదే యిది. ధర్మజ్ఞులందరును కూర్చున్న సభలో, తాను దాసియైనదా కాదా యని ఆమె యడిగినప్పుడు భీష్ముడంతవాడు సమాధానము చెప్పలేకపోయెను. ఆమె ప్రశ్నయే తుదకు భర్తలకు దాస్యవిముక్తిని కలిగించెను.

సభ్యులారా! శాసనముతో కథ ముగిసెనని తలపకుడు. బ్రిటిషు సామ్రాజ్యమున 1833 లో దాస్యనిర్మూలన శాసనము చేసినప్పుడు రెండుకోట్ల పౌనుల పరిహారమిచ్చిరి. ఎవరికి? బానిసలకు కాదు, యజమానులకు. దానికై చేసిన ఋణము 2015 వ సంవత్సరమునకు గాని పూర్తిగా తీరలేదు. విడుదలయైనవారు చెఱకుతోటలను విడిచిపోగా, ఆ తోటలకు కూలీలను మన తీరమునుండి తీసికొనిపోయిరి. కోరంగి, విశాఖపట్టణ ప్రాంతములనుండి తెలుగువారు మారిషస్‌కు పోయిరి. 1860 లో మద్రాసు రేవునుండి ట్రూరో యను నోడలో దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పోయిన తొలి కూలీలలోను తెలుగువారుండిరి. వారు బానిసలు కారు. కాని గడువుపత్రముమీద వ్రేలిముద్ర వేసినవారు. నల్లవాని సంకెల తెగినచోటనే తెలుగువాని మెడకు త్రాడు తగిలెను. నేడు మారిషస్‌లో ఉగాది ప్రభుత్వ సెలవుదినముగా నున్నదన్న, అది ఆ కూలీల సంతతివారు తమ భాషను, పాటను విడువనందువలననే.

అమెరికాలో 1865 డిసెంబరు 6 వ తేదీన పదమూడవ రాజ్యాంగసవరణ ఆమోదింపబడి బానిసత్వము నిషిద్ధమయ్యెను. కాని నేరమునకు శిక్షగా తప్ప అను నొక చిన్న మినహాయింపు అందు మిగిలెను. ఆ మినహాయింపు చాటున, చిన్నచిన్న నేరములు మోపి పట్టిన నల్లవారిని తోటలకును గనులకును అద్దెకిచ్చిరి. బడియు, బండియు, మంచినీటికుళాయియు వేరుపఱచిన కట్టుబాట్లను తొలగించుటకు 1964 నాటి పౌరహక్కుల శాసనము రావలసెను; ఓటునకు 1965 నాటి శాసనము కావలసెను. నేటికిని ఆ దేశపు జనులలో ఏడెనిమిదింట నొక్క వంతుగానున్న నల్లవారు చెఱసాలలలో మూడింట నొక్క వంతుగా నున్నారు. అందుచేతనే నిర్మూలనము అను పాత మాటను అచ్చట కొందరు చెఱసాలలను గూర్చి నేడు మరల పలుకుచున్నారు. ఆ వాదముతో ఏకీభవించినను లేకున్నను, మన రాజ్యాంగములలోని మినహాయింపులెవరి మెడకు తగులుచున్నవో చూడవలెనను వారి హెచ్చరికను మనము మన్నింపవలెను.

ఈ సంవాదములో మన దేశమునకును పాలుగలదు. 1873 లో మహాత్మ జ్యోతిరావు ఫూలే మరాఠీభాషలో గులాంగిరి యను గ్రంథము వ్రాసి, నల్లవారి దాస్యమును తొలగించుటకు పాటుపడిన అమెరికా సజ్జనులకు దానిని అంకితమిచ్చెను. 1936 ఫిబ్రవరిలో హవర్డ్ థర్మన్ అను నల్లజాతి ఆచార్యుడు భార్యతోను మిత్రులతోను బార్డోలీయందు గాంధిమహాత్ముని దర్శించెను. ఆ ఆచార్యుని అమ్మమ్మ బానిసగా పుట్టినది. గాంధిగారు వారిని దాస్యచరిత్రమును గూర్చి వివరముగా ప్రశ్నించి, తుదకు వారి కీర్తనలను పాడించుకొని వినిరి. 1946 లో డాక్టరు అంబేద్కరు నల్లజాతి పండితుడగు డూ బాయిస్‌కు లేఖ వ్రాసి, నల్లవారు ఐక్యరాజ్యసమితికి సమర్పించిన విజ్ఞప్తి ప్రతులను కోరిరి. డూ బాయిస్ సానుభూతితో బదులు వ్రాసెను. ఫూలేగాని అంబేద్కరుగాని ఆ చరిత్రమును వింతకొఱకు చదువలేదు. తమ వీధిని చూచుకొనుటకు అద్దముగా చదివిరి.

మనమును ఆ యద్దములో చూచుకొందము. మన మగ్గములు నిలిచిపోవుటకు దొరల వ్యాపారమును నిందించితిని, అది సత్యమే. కాని నేడు మనలోనే మాస్టరు వీవరులును గలరు, కూలినేతగాండ్రును గలరు. పెండ్లికో, వైద్యమునకో అడ్వాన్సు తీసికొనిన కూలినేతగాడు ఆ బాకీ తీరువరకు వేఱొకరి మగ్గమెక్కరాదను కట్టుబాటు కొన్నిచోట్ల నున్నదని మనకందరకు తెలియును. ఎంత బాకీయో, ఎంత తీరెనో వానికి తెలియదు. లెక్క షావుకారు పుస్తకములో నుండును. 1976 లో మన పార్లమెంటు వెట్టిచాకిరి నిర్మూలన శాసనము చేసెను. శాసనమున్నది గదా యని మనము నిద్రింపవచ్చునా? ఈ సభయే కూలినేతగానికేమగునని ఒక డగ్లస్ మన వేదికనెక్కి ప్రశ్నించినచో మన సమాధానమేమి?

కావున మూడు విన్నపములు చేయుచున్నాను. మొదటిది: అడ్వాన్సు ఇచ్చు ప్రతి మాస్టరు వీవరును లెక్కపుస్తకమును రెండు ప్రతులుగా వ్రాసి, ఒకటి నేతగాని చేతికిచ్చి, బాకీ నెపమున పనిమార్పును అడ్డగింపనని ఈ సభలో మాట యీయవలెను. దీనివలన కొంత నష్టము కలుగవచ్చును. మాంచెస్టరు పనివారు పస్తులుండియు లేఖ వ్రాసిరి. రెండవది: మన ప్రత్యేక సంచికలో దాతల ఛాయాపటములు వేయుచున్నాము, ఉచితమే. పందొమ్మిదవ శతాబ్దమున అమెరికాలో మిక్కిలిగా ఛాయాపటము తీయించుకొనినవాడు డగ్లస్. నల్లవానిని వికారముగా చిత్రించువారికి తన గంభీరమైన ముఖమే సమాధానమని అతని విశ్వాసము. మన సంచికలోను ఆసు పోసి, కండెలు చుట్టి, కుటుంబములను నిలిపిన వృద్ధస్త్రీల ముఖములును, వారి పేర్లును, వారు చెప్పిన మాటలును, పాడిన పాటలును అచ్చుకావలెను. విద్యార్థులు గ్రామములకు పోయి వ్రాసికొని రావలెను. మూడవది: మహాసభలో ఒక పూట ఉపన్యాసములను మాని ప్రశ్నలకు విడువవలెను. కూలినేతగాండ్రు, స్త్రీలు, యువకులు అడుగవలెను; వేదికమీదివారు సమాధానము చెప్పవలెను. మన వసతిగృహములలో కొన్ని స్థానములను మన పూర్వులు దూరముగా నుంచిన కులముల పిల్లలకీయవలెను. మనకు మీదివారు చేసిన యన్యాయమును చెప్పుకొను నధికారము, మన క్రిందివారు చెప్పునది వినినవారికే నిలుచును.

ఈ మూడును తీర్మానములుగా రేపటి సభయెదుటకు రావలెనని కార్యదర్శిగారికి వ్రాసి యిచ్చియున్నాను. అంగీకరించినను, త్రోసిపుచ్చినను, చర్చించి చేయుడని మాత్రము ప్రార్థించుచున్నాను. ఒక్క వోటుతో ఓడినను నాకు విచారము లేదు.  లోకమునకెల్ల శుభమగుగాక!